మూత తీయనివ్వని కెమెరా

నా పేరు కడారి బక్కయ్య, తండ్రి పేరు గురవయ్య. వయసు అరవై ఎనిమిది. గొర్రెలు కాస్తాను. ఊరు మర్రిగూడ. 1994 జూన్ పదకొండున, పొద్దున పది గంటలకు, ఈ ఠాణాలో ఎస్సై గారు అడిగినందుకు చెబుతున్నాను.

నా భార్య నాగులమ్మకు మా ఊరి ఫ్లోరైడు నీళ్లతో మెడ, నడుము వంగిపోయాయి. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. చండూరు స్టూడియోకు తీసుకుపోతే ఫొటోలు తీసే ఆయన "మెడ ఎత్తు అవ్వా, ఎత్తు" అన్నాడు. ఆ మెడ లేచేది కాదు. ఆమె బయటికి వచ్చేసింది, మళ్లీ పోలేదు. అందుకే కెమెరా కొన్నాను.

నార్కట్‌పల్లిలో బస్సులు ఆగేచోట పాత రేడియోలు అమ్మే భిక్షపతి దగ్గర కొన్నాను. జేబులో పట్టేంత చిన్నది. లోపల రీలు కూడా ఉందన్నాడు. రీలుతో సహా ఎవరైనా అమ్ముతారా అని అప్పుడే అనుమానం వచ్చింది.

"ఎవలిది ఇది?" అని అడిగాను.

"పిల్లనిస్తున్ననా తాతా, ఇంటిపేరు అడుగుతున్నవు?" అన్నాడు. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. మళ్లీ అడగలేదు.

ఇంటి ముందర మంచం మీద నాగులమ్మను కూర్చోబెట్టాను.

"నన్ను మెడ ఎత్తమనవు గద?" అంది.

"ఎట్లున్నవో గట్లనే ఉండు" అన్నాను.

ఒక్కటే తీశాను. రీలు ఇంకా మిగిలింది. రీలు అయిపోకముందే మా దిక్కు ఎవరూ కడిగించరు. నేనూ అట్లనే ఉంచాను. నెల తిరగకముందే ఆమె జ్వరంతో పోయింది.

నిన్న కడిగించడానికి నల్లగొండలో ఫొటోలు తీసే మెహమూద్ దుకాణానికి తెచ్చాను. అతడు కెమెరా పట్టీ చూశాడు, నన్ను చూశాడు. "ఇది నాదే. బస్సుల పోయింది. దీంట్ల ఒకల పెండ్లి ఫొటోలున్నయి" అని నన్ను ఇక్కడికి పట్టుకొచ్చాడు.

"దొంగ సొమ్ము కాకపోతే ఇన్నొద్దులు ఎందుకు కడిగించలే?" అని ఈ ఠాణా జమేదారు అడిగాడు. రీలు మిగిలింది అన్నాను. నమ్మలేదు.

మెహమూద్ కెమెరా కొన్న రసీదు తేవడానికి పోయాడు. లోపల రీలు ఉందో లేదో చూస్తానని జమేదారు మూతకు గోరు పెట్టాడు. వెలుతురు తగిలితే ఫొటో చెడిపోతుంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"పోలీసోని చెయ్యే వడ్తవా ముసలోడా?" అన్నాడు.

పట్టుకున్నాను. విడవలేదు. మెహమూద్ వచ్చి "తెరవకుండ్రి సాబ్" అనే దాకా విడవలేదు.

కెమెరా నాకు వద్దు, అతడినే తీసుకోమనండి. "నీ ఫొటో నీకిస్త కాకా, ఫికర్ చెయ్యకు" అంటున్నాడు. భిక్షపతి కూడా మంచిగానే మాట్లాడాడు. రేపు ఫొటో రాలేదని ఇతడు చెబితే నేను ఎవరిని అడగాలి? కడిగేటప్పుడు నన్ను ఆ చీకటి గది తలుపు బయట కూర్చోనివ్వాలి. జమేదారు చెయ్యి పట్టుకున్న మాట నిజం. దానికి ఏ శిక్ష వేసినా సరే. రీలు కడిగిన తర్వాత వేయండి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఇందులో అబద్ధం లేదు.

సంతకం
కడారి బక్కయ్య