వెనక సీటు మీద గుంట

వాహనాలకు సీట్లు కుట్టే ఆ కొట్టులో మధ్యాహ్నం గిరాకీ లేదు. గుమ్మం లోపల ఎర్ర రేసు బండి నిలబడి ఉంది. దానికి అటువైపు కొట్టు యజమాని, ఇటువైపు హెల్మెట్ చంకన పెట్టుకుని అతని భార్య. బండి ఆమెది, సీటు కుట్టింది అతను, తాళంచెవి ప్రస్తుతం అతని జేబులో ఉంది. కొన్నాళ్ళుగా ఆ మనిషి కడుపులో ఒకటే మంట.

"ఇస్తావా ఇవ్వవా బావా? నాకు ఆలస్యమైపోతోంది."

"ఇస్తాను. చివరిసారి అడుగుతున్నా, చెప్పేసి తీసుకెళ్ళు. వెనక ఎవరు కూర్చున్నారు?"

"ఎక్కడ వెనక?"

"ఎక్కడేంటి. బండి మీద. నీ వెనక."

"ఎవరూ కూర్చోలేదు."

"ఎవరూ కూర్చోకుండానే సీటు గుంట పడిందా?"

"ఏం గుంట?"

"చెయ్యి ఇలా తే. ఇక్కడ నొక్కు. ఇప్పుడు ఈ చివర నొక్కు. తేడా తెలిసిందా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి."

"నీకు ఒకలాగే ఉంటాయి. ఎక్స్‌రేలో ఎముక చిట్లితే నాకు కనపడుతుందా? అది నీ పని. ఇది నా పని. కంపెనీవాడిచ్చిన చెక్కముక్కలాంటి సీటు పీకేసి, స్పాంజి పొరలు పొరలుగా కోసి, నాకోసం నేను కుట్టుకున్న సీటిది. నేను కూర్చుంటే బరువు మధ్యలో పడుతుంది. ఈ గుంట ముందంచు మీదుంది."

"ఉంటే?"

"ఉంటేనా? వెనక అంత చోటుండగా ముందుకి జరిగి కూర్చున్నాడు వాడు. నీ వీపుకి అతుక్కుని."

"వాడా? వాడెవడు?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"నీకు ఎండదెబ్బ తగిలింది. మొహం కడుక్కుని కాసేపు నడుం వాల్చు."

"మాట మార్చకు."

"మార్చడం లేదు. ఆ, గుర్తొచ్చింది. మొన్న మీ అక్కని ఎక్కించుకున్నా. బజారు దాకా."

"అక్కనా?"

"ఆ, వదిననే."

"స్టూలెక్కి బల్బు మార్చమంటేనే కళ్ళు తిరుగుతాయంటుంది అక్క. ఆవిడ ఈ బండెక్కిందా? ఈ వెనక సీటు ఎక్కడమంటే అటక ఎక్కినట్టే, నాకు తెలియదా?"

"నా భుజం పట్టుకుని ఎక్కింది."

"ఫోన్ చేసి అడగనా?"

"అడుగు."

"ఇదిగో, చేస్తున్నా."

"వద్దులే."

"ఏం, ఎందుకు వద్దు?"

"వదిన కాదు. తమ్ముడు."

"మీ తమ్ముడు కూర్చుంటే గుంట పడదు, సీటే కూలబడుతుంది. అచ్చం మామయ్య పోలిక వాడిది."

"ఈమధ్య చిక్కాడు."

"ఎప్పుడు చిక్కాడు? మొన్న మనింటికొచ్చి నా కంచం కూడా ఖాళీ చేసి వెళ్ళాడు. ఈ కూర్చున్నవాడు సన్నం. గుంట వెడల్పు చూస్తే తెలియడం లేదూ? ఇంచుమించు నీ అంతే ఉంటాడు. అవునా?"

"నాకేం తెలుసు."

"గళ్ళచొక్కావాడేనా?"

"ఎవరు?"

"ఏమీ ఎరగనట్టు అడక్కు. ఆస్పత్రి గేటు దగ్గర నీకు చెయ్యి ఊపినవాడు. చేతికి ఇంత పెద్ద వాచీ. నన్ను చూడగానే ఊపే చెయ్యి కాస్తా జేబులో పెట్టేసుకున్నాడు."

"నువ్వు ఆస్పత్రి గేటు దగ్గరికి ఎందుకొచ్చావ్?"

"దారం కొనడానికి."

"దారం కొట్టు ఈ వీధి చివరే ఉందిగా."

"నాకు కావల్సిన రంగు లేదక్కడ."

"ఏ రంగు?"

"నలుపు."

"నల్లదారం దొరకలేదా నీకు?"

"నన్ను అడగడం కాదు. ముందు నేనడిగినదానికి చెప్పు. వాడు నీ వెనక కూర్చున్నాడా లేదా?"

"లేదు."

"నా మొహంలోకి చూసి చెప్పు."

"లేదు. చాలా? తాళం ఇవ్వు."

"అంటే వాడెవడో నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఏదో, పరిచయం."

"ఏం పరిచయం?"

"మామూలు పరిచయం."

"మామూలు పరిచయానికి శనివారం శనివారం ఏం పని? అడిగితే డ్యూటీ అంటావు. డ్యూటీకెళ్ళే మనిషి తోలు జాకెట్ సంచిలో కుక్కుకుని వెళుతుందా? తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా చెమట, మొహం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది. నేను పనులన్నీ మానుకుని నిన్ను సినిమాకి తీసుకెళితే ఆ వెలుగు రాదు. కొత్త ఇంటి తాళం చేతికిచ్చిన రోజు కూడా రాలేదు."

"నా మొహం కూడా కొలుస్తున్నావా?"

"కొలుస్తాను. నాకు కుళ్ళుగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నా, కుళ్ళుతో చచ్చిపోతున్నా. ముద్ద మింగుడు పడటం లేదు. నేను కుట్టిన మెత్తదనం మీద ఇంకెవడో కూర్చుని, నీ నడుం పట్టుకుని... పొద్దున లేస్తే అదే కళ్ళముందు కనపడుతోంది."

"నా సీటు, నా సీటంటావు. నువ్వు దాని మీద కూర్చుని ఎన్నాళ్ళయింది?"

"నువ్వు ఎక్కించుకుంటే కదా."

"ఎక్కించుకుంటే మెల్లగా, మెల్లగా అంటూ నా వీపు మీద డప్పు వాయిస్తావు. ఒకసారి సైకిల్ మీద ఎవరో తాతగారు మనల్ని దాటుకుని వెళ్ళిపోయారు, గుర్తుందా? దాటుతూ జాలిగా చూశారు కూడా."

"అందుకని మెల్లగా అననివాణ్ణి వెతుక్కున్నావా?"

"అసలు నువ్వు సీటు ఎప్పుడు చూశావ్?"

"ఎప్పుడో."

"ఎప్పుడో అంటే?"

"ఇవాళ పొద్దున. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ఊడదీసి చూశా."

"చూసి ఏం చేశావ్?"

"అన్నా, లోపలున్నావా? నా వ్యాను సీట్లు అయిపోయాయా?"

"కాలేదు డ్రైవరూ. రేపు రా."

"నిన్న కూడా రేపే అన్నావు కదన్నా."

"అయితే ఎల్లుండి రా."

"ఎల్లుండికి ఖాయమేనా? నువ్వైనా చెప్పక్కా... సరే, సరే, ఏదో ఇంటి గొడవలా ఉంది. ఎల్లుండే వస్తాను."

"చూశావా? నీ ధ్యాసలో పడి చేతికొచ్చిన పని కూడా సాగడం లేదు. ఆ డ్రైవర్ మూడుసార్లు తిరిగాడు పాపం."

"సీటు ఊడదీసి ఏం చేశావని అడిగాను."

"చూశా. చూసి పెట్టేశా. ఇప్పుడు అదా ముఖ్యం?"

"సరే. చెబితే అరవకూడదు."

"అరవను."

"ఒట్టు?"

"ఒట్లు వేసి తప్పడం నాకు అలవాటు లేదు. చెప్పు."

"చెప్పడం కాదు, చూపిస్తాను. బండి నిటారుగా పట్టుకో."

"ఎందుకు?"

"పట్టుకోవయ్యా. హ్యాండిల్ ఇటు తిప్పు. ఆ, అలా. నేనెక్కుతున్నా. చూడు, మామూలుగా కూర్చున్నాను. నా సీట్లోనే ఉన్నానా?"

"ఉన్నావు."

"ఇప్పుడు పడుకుంటాను. గడ్డం ట్యాంకుకి తగలాలి. మోచేతులు లోపలికి. చూస్తున్నావా? ఇలా వంగితే ఒళ్ళు ఎటు పోతుంది?"

"వెనక్కి."

"వెనక్కి జరిగితే నాకేం తగిలింది?"

"నా సీటు. ఆగు."

"దాని ముందంచు. గట్టులాగా ఉంటుంది కదా, దానికి గట్టిగా ఆనితేనే..."

"ఆగమన్నానా. ఆనకు."

"చూడమంటే భయపడతావేంటి?"

"చూశాను. అంత బరువు వెయ్యకు దాని మీద. దిగు."

"గుంట ఎవరిదో తెలిసిందా?"

"దిగమంటున్నాను."

"చెప్పు ముందు."

"నీదే. నీదే, ఒప్పుకున్నాను. దిగు ఇక."

"అమ్మయ్య. సన్ననడుం వాడు దొరికాడా? ఇంచుమించు నీ అంతే ఉంటాడన్నావు. అచ్చంగా నా అంతే ఉన్నాడు. ఏంటి, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"నాకే తెలియడం లేదు. ఎవరూ లేరు. నిజంగా ఎవరూ లేరు కదూ?"

"లేరు మహానుభావా."

"నా బుర్ర కాల్చెయ్యాలి. ఎన్ని ఊహించుకున్నానో తెలుసా? వాడికి మీసం కూడా పెట్టాను. ఆగు. ఆగాగు. ఇలా బోర్లాపడుకుని రోడ్డు మీద ఎవరు నడుపుతారు?"

"ఎవరూ నడపరు."

"మరి నువ్వు?"

"టైరు చూడు."

"టైరుకేమైంది?"

"నువ్వు సీటొక్కటే చూశావు. ఇంకెవరైనా ముందు టైరే చూసేవారు. ఊళ్ళో తిరిగే బండికి టైరు మధ్యలో అరుగుతుంది. నాది ఎక్కడ అరిగింది?"

"అంచుల దాకా."

"మలుపులో మోకాలు నేలకి తగిలేంత వాలిస్తే అలా అరుగుతుంది."

"రేసు ట్రాక్‌కి వెళుతున్నావు."

"ఆ."

"శనివారం డ్యూటీ అంటే అదా?"

"అదే."

"ఆ ట్రాక్ మీదే కదే భుజం విరగ్గొట్టుకున్నావు. మంచం మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని ఏం చెప్పావ్?"

"ఇంక ట్రాక్ గడప తొక్కనని."

"చెయ్యి లేవకపోతే రోజూ నీకు జడ వేసింది ఎవరు?"

"నువ్వే. వంకర జడ. వార్డులో నర్సులందరూ నవ్వేవారు."

"వాళ్ళు నవ్వినా వేశాను. మరి ఆ గళ్ళచొక్కా?"

"ట్రాక్ దగ్గర టైము చూసే ఆయన. వాచీ అందుకే అంత పెద్దది. ఇంట్లో తెలియదని ముందే చెప్పాను, అందుకే నిన్ను చూసి చెయ్యి దించేశాడు."

"అంటే వాడికి తెలుసు. నాకు తెలియదు."

"నీకు చెబితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు."

"మనిషైతే వెళ్ళి కాలరు పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరి కాలరు పట్టుకోను? ఆ మలుపుదా?"

"బావా, రోజంతా నేను చీకటిగదిలో ఊళ్ళోవాళ్ళ విరిగిన ఎముకలు చూస్తాను. ఊపిరి బిగపట్టండి, కదలకండి, అదే మాట వెయ్యిసార్లు. ట్రాక్ మీద తిన్నటి దారి వచ్చినప్పుడు, ఇలా పడుకుని యాక్సిలేటర్ పూర్తిగా తిప్పేస్తాను చూడు, అప్పుడు నా బుర్రలో ఏమీ ఉండదు. ఆస్పత్రి ఉండదు. ఇల్లుండదు."

"నేనూ ఉండను."

"నువ్వూ ఉండవు. అబద్ధం చెప్పడమెందుకు?"

"అదే నా మంట. మనిషి ఉన్నాడనుకున్నప్పుడు ఇంత మండలేదు."

"మండితే మండింది. ఇవాళ టైము బాగా వస్తే నన్ను పోటీలోకి తీసుకుంటారు. ఇవాళే ఆఖరు. గేటు వేసేలోపు వెళ్ళాలి. వచ్చాక నువ్వు ఎన్ని తిట్టినా పడతాను. కావాలంటే నువ్వూ రా. పక్కన నిలబడి చూడు."

"ఆ తిన్నటి దారిలో ఎంత స్పీడు పోతావు?"

"ఎందుకు, భయపడటానికా?"

"చెప్పు."

"రెండొందలకి దగ్గర్లో."

"రెండొందల దగ్గర కూడా ఇలాగే ఆనుకుంటావా? నా సీటుకి?"

"బరువంతా దాని మీదే వేస్తాను. లేకపోతే ఆ గాలికి వెనక్కి జారిపోనూ? వేరేవాళ్ళ బండైతే భయపడేదాన్ని. నువ్వు బిగించిన సీటు ఊడదని ధైర్యం. ఏంటి బావా, ఇంకా జేబులోంచి తియ్యవేంటి? తాళం ఇటివ్వు."

"ఇవ్వను."

"మళ్ళీ మొదటికొచ్చావా? ఎవడూ లేడని కళ్ళారా చూశావు కదా."

"చూశాను కాబట్టే ఇవ్వను. పొద్దున ఊడదీసినప్పుడు, ఆ సీటుని కింద పట్టి ఉంచే కొక్కేన్ని రంపంతో సగానికి పైగా కోసి మళ్ళీ బిగించాను. వాడు ఎక్కి కూర్చోగానే విరిగి, నడిరోడ్డు మీద పడాలని."