బుగ్గన పెట్టే మాత్ర

మంచం పట్టిన తల్లిని పగలంతా అక్క చూసుకుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆ పని తమ్ముడు అందుకుంటాడు. ఆ పూట ఇద్దరూ వంటింట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“అక్కా, ఈ నొప్పి మాత్ర శుద్ధ దండగ. నిన్న రాత్రి కూడా అమ్మ మూలుగుతూనే ఉంది.”

“నేను వేస్తే హాయిగా నిద్రపోతుందిరా. బుగ్గకీ చిగుళ్ళకీ మధ్యే పెడుతున్నావా?”

“అక్కడే పెడుతున్నా.”

“పెట్టాక?”

“కాసిని మంచినీళ్ళు పడుతున్నా.”

“నీ మొహం! అది బుగ్గలోనే కరిగి, అక్కణ్ణుంచే ఒంట్లోకి ఎక్కాలి. కడుపులోకి పోతే సగం కూడా పనిచెయ్యదు. నర్సు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది కదా.”

“తెలుసే. అమ్మే నీళ్ళు కావాలని సైగ చేస్తుంది. కాదనలేకపోతున్నా.”

“నన్నెప్పుడూ అడగలేదే! ఓహో... అది కరిగేదాకా మాట్లాడకూడదుగా. నాతో చెప్పేదేం ఉంటుంది, నోరు మూసుకుని ఉంచుకుంటుంది. కొడుకు రాగానే కబుర్ల కోసం మింగేస్తుంది.”

“అలా అనకే.”

“ఒళ్ళు హూనమయ్యేది నాకు, ముచ్చట్లు నీకూనా! నొప్పి ఓర్చుకుని మరీ ఏం చెబుతుందిరా?”

“రోజూ ఒకటే మాట.”

“ఏమిటది?”

“‘అక్క అరిగిపోతోందిరా. రేపొక్కరోజు నువ్వు ఉండి, దాన్ని పడుకోనివ్వు’ అంటుంది.”

“రోజూనా?”

“రోజూ.”

“అయితే వెళ్ళి, ‘రేపు సెలవు పెట్టి నేనే ఉంటున్నానమ్మా’ అని చెప్పు. ఆ తర్వాత పెట్టు మాత్ర. ఇక నీళ్ళడగదు.”