మూడు గోళ్ళ కంబం

“రాండి రాండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఎండలో ఎందుకు నిలబడేది? ఏమే పాండీశ్వరీ, నువ్వు ఆ ఎదురు కంబానికి ఆనుకో. అందరూ కూర్చున్నారా? ఈ ఇల్లు ఎట్ల కట్టినారో ఇప్పుడు చెప్తా వినండి” అని చెల్లప్ప నాయుడు పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టాడు గానీ, ఆయన చెవి మాత్రం పిల్లల దగ్గర లేదు. లోపలింట్లో వడ్రంగి ఆరోగ్యసామి ఆసారి నిచ్చెన వేసుకుని, కొయ్యసుత్తితో దూలాల్ని ఒక్కొక్కటే తట్టి చూస్తున్నాడు. చెవి అక్కడుంది.

ఒట్టన్‌చత్రానికి ఆరు మైళ్ళ దూరాన, తోట నడుమ ఉంది ఆ పెంకుటిల్లు. నూరేళ్ళు దాటిన ఇల్లు. మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి, వాకిలి నాలుగు మూలలా నాలుగు టేకు కంబాలు, చుట్టూ వసారా. ఇల్లు చెల్లప్పదీ, ఆయన తమ్ముడి కొడుకు గోపినాథ్‌దీ ఉమ్మడి. కూరగాయల మండీ నడిపే గోపినాథ్‌కు దాన్ని పడగొట్టి ఉల్లిగడ్డలకు గోడౌన్ కట్టాలని ఉంది. పెద్దాయన ఒప్పుకోలేదు. వాదించి వాదించి చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. ఆసారి చూసి ఇల్లు నిలుస్తుందంటే ఉంచాలి, నిలవదంటే పడగొట్టాలి. ఆ ఆసారే ఈ శనివారం పొద్దున వచ్చాడు. బడి లేని పిల్లలు సుత్తి చప్పుడు విని చేరారు.

లోపల ఒక దూలం ఠంగుమంది. గట్టి కొయ్య. చెల్లప్పకు ప్రాణం కుదుటపడింది.

“మా ముత్తాత పేరు బంగారు నాయుడు. ఆనమల కొండల్లో నాలుగు టేకు మానులు కొని, ఎద్దుల బండి మీద తెచ్చినాడు. అంతే, అదేమీ పెద్ద విషయం కాదు. ఉడుమలపేట దాటినాక ఒక ఎద్దు కుంటింది. మామూలు మనిషైతే నీడ చూసుకుని పండుకుంటాడు కదా? మా ముత్తాత ఆ ఎద్దును విప్పి, కాడి కింద తన భుజం పెట్టినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో ఎద్దు ఆయనతో సమంగా నడవలేక నాలుక బయట పెట్టింది. పాపం అని దాన్నీ విప్పి, రెండింటినీ బండి మీద కూర్చోబెట్టి, తానొక్కడే లాక్కొచ్చినాడు.”

“ఎద్దులు బండి మీద కూర్చుంటాయా తాతా?” అంది ముందు కూర్చున్న జెబమలర్.

“కూర్చునేదేమి? పళని వచ్చేసరికి ఒకటి నిద్రే పోయింది! సరే, మానులు వచ్చినాయి. మొదటి కంబం నిలబెట్టే ముహూర్తం వచ్చేసింది, ఆసారులు రాలేదు. ‘ఆసారులెందుకు, నేను లేనా’ అని మా ముత్తాత ఇదో, నా వెనకుండే ఈ కంబాన్ని ఒంటి చేత్తో ఎత్తి రాతి దిమ్మె మీద నిలబెట్టినాడు. ఇంకో చేతిలో అంబలి చెంబు. చుక్క తొణకలేదు. మిగతా మూడు కంబాల్నీ ఆసారులు వచ్చి నిలబెట్టినారు. పదిమంది, పొద్దంతా!”

సుత్తి చప్పుడు గోడ దగ్గరికి వచ్చింది. అక్కడ పైనుంచి కిందికి ఒక బీట ఉంది. చెల్లప్ప గొంతు కాస్త పెంచాడు.

“ఇంక గోడల సంగతి. సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం, కోడిగుడ్డు సొన పోసి ఆరు నెలలు రుబ్బించి, ఏటి గులకరాళ్ళతో మెరుగు పెట్టించినాడు. మధుర నుంచి అద్దాలు అమ్మేవాడొకడు వచ్చి, ఈ గోడలో తన మీసం చూసుకుని, దువ్వుకుని, మూట విప్పకుండానే తిరిగి పోయినాడు.”

“మరి ఆ బీట?” అన్నాడొక పిల్లవాడు.

“అదా! మా కోడె గోడలో తనను తాను చూసి, వేరే కోడె అనుకుని పొడిచింది. కొమ్ము రెండు ముక్కలు. గోడకు ఆ గీత.”

నిచ్చెన మీది నుంచి ఆరోగ్యసామి తల వంచి చూశాడు. “అయ్యా, నడి దూలం ఈ పక్కకు నాలుగు వేళ్ళు దిగింది.”

చెల్లప్ప మాట ఆగలేదు.

“దిగలేదు ఆసారీ, నొక్కుకుంది! పిల్లలూ, ఒక ఏడు వచ్చింది చూడండి గాలివాన, ఇక్కడి పెంకులు కోయంబత్తూరు అవతల కారమడైలో పోయి పడినాయి. అప్పుడు మా ముత్తాత అన్నం తింటా ఉండాడు. ఎడమ చేత్తో ఇంటి కప్పును పట్టుకున్నాడు, కుడి చేత్తో తిన్నాడు. నిదానంగా, మజ్జిగన్నం దాకా తిన్నాడు. గాలి పోయినాక చూస్తే ఆయన బొటనవేలు పడిన చోట దూలం వంగింది.”

“ఆ గాలిలో మజ్జిగ ఎవరు పోసిరంట?” అంది వంటింట్లోంచి ఆయన భార్య తిరుమలమ్మాళ్. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఆరోగ్యసామి నిచ్చెన దిగి వాకిట్లోకి వచ్చాడు. మూడు కంబాలు తట్టాడు. మూడూ గుడిగంటల్లా పలికాయి. చెల్లప్ప వెనక ఉన్న కంబాన్ని మొదలు దగ్గర తట్టాడు. ఖాళీ కుండను కొట్టినట్టు పలికింది. మళ్ళీ తట్టాడు. మళ్ళీ కుండే.

“పులి!” అన్నాడు చెల్లప్ప, ఉన్నట్టుండి. పిల్లలు ఉలిక్కిపడ్డారు. “ఈ కంబం తల దగ్గర చూడండి, మూడు గీతలు. అవి పులి గోళ్ళు! కొండ దిగి పులి ఒకటి దూడ కోసం ఈ వాకిట్లోకి దూకింది. మా ముత్తవ్వ రాగులు విసురుతా ఉండాది. తల ఎత్తి పులిని ఒక్క చూపు చూసింది, అంతే, పులి ఈ కంబం ఎక్కేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు రోజులు దిగలేదు! చూసేదానికి కోయంబత్తూరు నుంచి జనం. నాలుగో రోజు మా ముత్తవ్వ ‘దిగి తిను’ అని రాగి సంకటి ముద్ద పెట్టింది. తినింది, మూతి తుడుచుకునింది, పోయేటప్పుడు గడప తొక్కకుండా దాటి, ఆ పొట్టి ద్వారం కింద తల వంచి మర్యాదగా పోయింది.”

ఈ కథ ఆయన అరవై ఏళ్ళుగా చెప్తున్నాడు. సంకటి సంగతి సొంతంగా కలిపిందే గానీ, గోళ్ళ సంగతి ఆయనకు తాత చెప్పింది. ఆ మాత్రం నిజమనే నమ్మాడు.

ఎదురు కంబానికి ఆనుకున్న పాండీశ్వరి దాని మొదలు దగ్గర దుమ్మును వేలితో తుడుస్తూ అంది, “తాతా, ఇక్కడా పులి గోళ్ళు ఉండాయి. మూడు. కింద.”

పిల్లలు లేచి పరుగెత్తారు. “ఇక్కడా!” “దీనికీ ఉండాయి, కిందే!”

“మూడు కంబాల కాళ్ళు గీకి, నాలుగోదాని నెత్తి గీకిందా తాతా పులి?” అంది పాండీశ్వరి.

చెల్లప్ప తన కంబం మొదలు చేత్తో తడిమాడు. గీతలు లేవు.

ఆరోగ్యసామి సుత్తి కింద పెట్టి పిల్లల మధ్య గొంతుక్కూర్చున్నాడు. “పులి కాదు పాపా, ఉలి గాట్లు. మాను నరికిన చోటే వేరు వైపున మూడు గాట్లు పెట్టేది మా ఆసారుల అలవాటు. ఎందుకంటే చెట్టు పెరిగినట్టే కంబాన్నీ నిలబెట్టాలి, వేరు కింద, కొన పైన. కొన వైపుది లేత కొయ్య, నేల తడి తగిలితే చెద తినేస్తుంది.”

పిల్లలందరూ పైకి చూశారు.

“అయితే ఇది తలకిందులా?”

“తలకిందులే. ఎవరు నిలబెట్టినారో?”

“బంగారు నాయుడు!” అని పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. “ఒంటి చేత్తో! ఆసారులు రాకముందే!”

వంటింట్లో తిరుమలమ్మాళ్ నవ్వు వినబడింది. చెల్లప్ప తల ఎత్తలేదు.

“అయ్యా, ఇది మంచి మాటే” అన్నాడు ఆరోగ్యసామి మెల్లగా. “ఈ ఒక్క కంబం కుంగింది కాబట్టి దూలం దిగింది. దూలం దిగింది కాబట్టి గోడ బీటలిచ్చింది. రోగం ఒక్కచోటే. కప్పుకు కింద నుంచి ఆపు పెట్టి దీన్ని మారిస్తే ఇల్లు ఇంకో నూరేళ్ళు ఉంటుంది.” అని గోపినాథ్‌కు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టి, అదే చెప్పాడు.

“ఆసారీ, మా పెద్దనాయన నీకూ కథ చెప్పేసినాడా?” అంది ఫోన్. “పుట్టినప్పటి నుంచి వింటా ఉండా, ఆ ఇంట్లో వంక ఉందని ఆయన ఒక్కసారి అనలేదు. ఇప్పుడు ఆయన నోటితో ఒక తప్పు చెప్పమను. అప్పుడు నమ్ముతా, ఒక్కటే ఉందని.”

ఆరోగ్యసామి ఫోన్ చాపాడు. తొమ్మిదిమంది పిల్లలు చూస్తున్నారు. చెల్లప్ప కంబం మీద అరచెయ్యి పెట్టాడు.

“గోపీ, మా ముత్తాత తొందరపడినాడు రా” అన్నాడు. “ఆసారులు వచ్చేదాకా ఆగలేదు. కంబాన్ని తలకిందులుగా నిలబెట్టినాడు. తప్పు ఆయనదే.”

“సరి పెద్దనాయనా” అన్నాడు గోపినాథ్. “కంబం మార్పించు. గోడౌన్ రోడ్డు పక్క వేసుకుంటా.”

ఫోన్ తిరిగి ఇచ్చేసి చెల్లప్ప తుండుతో ముఖం తుడుచుకున్నాడు. మెల్లగా మీసం కింద నవ్వు పుట్టింది.

“అయినా చూడండి పిల్లలూ, తలకిందులుగా నిలబెట్టి నూరేళ్ళు ఇల్లు మోయించినాడంటే, ఆయన మామూలు మనిషా?”

“తాతా, మరి ఆ పులి?” అంది పాండీశ్వరి.

“దానికి ఆకలేసి అప్పుడే ఇంటికి పోయిందిలే. పొద్దు నెత్తికెక్కింది, మీ అమ్మలు వెతుకుతా ఉంటారు. లేయండి, పోయి అన్నాలు తినండి.”