మడత లేని గౌను

కోర్టు వెనక, విడిపోయిన తల్లిదండ్రులు పిల్లల్ని కలుసుకోవడానికిచ్చిన గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ మీద గడియారం. తండ్రి దర్జీ. కూతురికి పదేళ్ళు. తలుపు పక్కన కౌన్సిలరమ్మ. తల్లి అవతలి హాల్లో ఉంది.

"...అలా నసక్కూడదు. మళ్ళీ చెప్పు. రేపు జడ్జిగారు నిన్నొక్కదాన్నే లోపలికి పిలుస్తారు. ఎవరి దగ్గర ఉంటావమ్మా అంటారు. అప్పుడు?"

"నాన్న దగ్గర."

"ఎందుకూ?"

"నాన్నకి నా గురించి అంతా తెలుసు."

"బల్లకేసి చూస్తూ కాదు పిచికా. ఆయన మొహం చూసి చెప్పాలి."

"నాన్నకి నా గురించి అంతా తెలుసు. చాలా?"

"దర్జీగారూ, ఈ గంట పిల్లకి పాఠాలు చెప్పడానికి ఇవ్వలేదు."

"పాఠమేముందమ్మా ఇందులో. ఉన్నమాటేగా."

"చిలకపలుకులు జడ్జిగారికి వినగానే తెలిసిపోతాయి. అందుకని చెప్తున్నా."

"ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణి, నాకేం పలుకులొస్తాయి, దానికేం నేర్పుతాను? ఆ హాల్లో కూర్చున్నావిడని అడగండి. పదకొండేళ్ళ కాపురంలో ఈ పిల్లకి ఒక్క గుండీ కుట్టిందేమో."

"నువ్వే కుట్టేవాడివిగా నాన్నా. అమ్మని మిషను ముట్టుకోనిచ్చేవాడివి కాదు."

"మధ్యలో నువ్వొకటి. సర్లే, ఇదిగో. ఏం తెచ్చానో చూడు."

"గౌనా? రేపటికా?"

"రేపటికే. మూడు రోజులు గిరాకీల బట్టలన్నీ పక్కన పడేసి దీని మీదే కూర్చున్నా. కాలరు చూడండమ్మా. రెడీమేడ్‌లో తెమ్మనండి చూద్దాం ఇలాంటి కాలరు."

"బాగుందండీ. పక్క గదిలో మార్చుకుని రామ్మా."

"వెళ్ళు, వెళ్ళు. గుండీలు జాగ్రత్త, కాజాలు కొత్తవి, బిగుతుగా ఉంటాయి."

"దర్జీగారూ, కొలత ఎప్పుడు తీసుకున్నారు? ఇక్కడ టేపు పట్టుకోగా నేను చూడలేదే."

"టేపెందుకు? నా కొలతల పుస్తకంలో దానికి పుట్టినప్పట్నుంచీ ఒక పేజీ ఉంది."

"ఆ పేజీలో ఆఖరిది ఎప్పటిది?"

"వాళ్ళమ్మ దాన్ని తీసుకుని ఇల్లు దాటకముందుది."

"అంటే ఎనిమిది నెలలు."

"తెలుసమ్మా, అరంగుళం కలిపాను. నా చెయ్యి తప్పదు."

"పిల్లల బట్టలకి లోపల మడత వదులుతారుగా, పెరిగితే విప్పుకోడానికి?"

"ఎప్పుడూ వదుల్తాను, నాలుగు వేళ్ళు. దీనికి మాత్రం వదల్లేదు. మడత వదిల్తే కాస్త బుట్టలా నిలబడుద్ది. జడ్జిగారి ముందు ఒంటికి అతికినట్టుండాలని."

"నాన్నా, సరిపోయింది."

"ఏదీ, ఇటు తిరుగు. చేతులెత్తు."

"ఎత్తను."

"ఎందుకని?"

"ఊరికే. బాగుంది నాన్నా. కాలరు భలే ఉంది."

"ఆగాగు. మోకాళ్ళు బయటికొచ్చాయేంటి? మోకాలి కింద నాలుగు వేళ్ళు దిగాలే. అక్కడ ఏం తినిపిస్తోందే మీ అమ్మ?"

"అన్నమే. పెరిగాను నాన్నా."

"రెండు వారాలకోసారి చూస్తూనే ఉన్నాగా. నాకు తెలీకుండా ఎప్పుడు పెరిగావు?"

"నువ్వొచ్చేసరికి కూర్చునే ఉంటాను కదా. నువ్వెళ్ళాకే లేస్తాను. అదే రూలన్నారు ఆంటీ."

"అవునండీ. అమ్మా నాన్నా తలుపు దగ్గర ఎదురుపడకుండా."

"ఎనిమిది నెలలూ కుర్చీలోనే చూశానన్నమాట. ఆ గుండీలు... అట్లా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయేంటమ్మా నాకేసి."

"పక్క కుట్లు విప్పి కాస్త లూజు చెయ్యలేరా?"

"దేన్ని విప్పను? లోపల బట్టుంటే కదా."

"పర్లేదు నాన్నా. అమ్మ కూడా ఒక గౌను కొంది, అది వద్దులే. రేపు ఇదే వేసుకుంటా."

"పట్టందాన్ని ఎట్లా వేసుకుంటావే?"

"ఊపిరి పీల్చకపోతే గుండీ ఊడదు. ఇందాకట్నుంచి అలాగే ఉన్నా. నువ్వు చెప్పమన్నది చిన్నదే కదా, బిగబట్టి ఒక్కసారే చెప్పేస్తా."

"ఏంటీ?"

"చూడు. నాన్నదగ్గరుంటా నాన్నకినాగురించంతాతెలుసు. ఊడిందా? ఊడలేదు."

"విప్పు."

"ఊడలేదుగా నాన్నా."

"విప్పమన్నానా. పై గుండీ తియ్యి ముందు. రెండోది. ఊఁ, ఇప్పుడు పీల్చు. గట్టిగా. ఇంకోసారి."

"కోపమొచ్చిందా?"

"నీ మీద కాదులే."

"అమ్మ మీదా?"

"ఎవరి మీదా కాదు. పీల్చు."

"దర్జీగారూ, ఇంకో అయిదు నిమిషాలుంది."

"చాలమ్మా. పిచికా, ఇటు చూడు. రేపటి సంగతి వదిలెయ్. జడ్జీ లేడు, గిడ్జీ లేడు. నేనే అడుగుతున్నా. ఎవరి దగ్గరుంటావు?"

"నేర్పింది చెప్పాలా నాన్నా, నిజం చెప్పాలా?"