గోల్స్ లేని ఫైలు

అమెరికాలోని నోవైలో ఓ ఇమ్మిగ్రేషన్ లా ఆఫీసు. ఇక్కడి క్లబ్ పిలిచిన ఎస్టోనియా ఫుట్‌బాల్ ఆటగాడి వీసా ఫైలు తిరగేసి, కొత్తగా చేరినమ్మాయి సీనియర్ వైపు కుర్చీ తిప్పింది.

"అక్కా, పన్నెండేళ్లు ఆడి రెండే గోల్స్ కొట్టాడు! గొప్ప ప్లేయరని ఎలా నమ్మించాలి?"

"అతను డిఫెండర్. అవతలివాళ్లని కొట్టనివ్వకపోవడమే అతని పని."

"జరగని గోల్‌కి ప్రూఫ్ ఎక్కణ్నుంచి తేను? రిజెక్టయితే కాంట్రాక్టే పోతుంది."

"కోచ్‌ల లెటర్స్ ఉన్నాయిగా?"

"నాలుగున్నాయి. మంచోడు, కష్టపడతాడు అని నలుగురూ అదే పాట. మన హెచ్‌వన్ వీసా ఫైళ్లకి మేనేజర్లు రాసిచ్చినట్టే ఉన్నాయి."

"అయితే అతని మీద గోల్ కొట్టలేకపోయినవాళ్లని అడుగు."

"ఓడిపోయినోళ్లు ఎందుకు రాసిస్తారక్కా?"

"మనవాళ్లు మొహమాటానికైనా పొగుడుతారు. పగవాడికి ఆ ఖర్మేంటి? నిజమే రాస్తాడు. మెయిల్ పెట్టు, చెప్తున్నాగా."

ఆమె అపనమ్మకంగానే పెట్టింది. నాలుగో రోజు అవతలి టీమ్ ఆటగాడొకడి నుంచి జవాబొచ్చింది. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏం రాశాడే?"

"'ఇతని మీద పదకొండు మ్యాచ్‌లు ఆడాను. ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాను. అయ్యా, దయచేసి ఇతన్ని వెంటనే అమెరికా తీసుకుపోండి.'"

"అది అన్నిటికన్నా పైన పెట్టు."