తల్లి ముందు పడుకుంటే

కోరుట్లలో బీడీల చాట పక్కకు జరిపి, ఐలమ్మ తన బిడ్డ స్వరూప బట్టలు సంచిలో సర్దుతోంది.

"బస్సులు బందున్నయ్ గద బిడ్డా. సమ్మె ఒడిసినంక పోరాదు?"

"జీపుల పట్నం పోత అవ్వా. ఆఫీసుల నేను రాసిన డ్రైవర్ ప్రోగ్రాంల, అంటే కంప్యూటర్ పార్టులను నడిపే దాంట్ల, తప్పున్నది. కంప్యూటర్ నిద్రపోతే మళ్ల లేస్తలేదు."

"ఏం తప్పు చేసినవే?"

"లోపలి పార్టులు తల్లీపిల్లల లెక్కుంటయ్. పిల్లలు ముందు పడుకోవాలె, తల్లి ఆఖరికి. నేను తల్లిని ముందుగాల పండవెట్టిన. పిల్ల పిలిస్తే పలికెటోళ్లు లేక అంత ఆగిపోయింది."

"గిది నన్నడిగితే చెప్పకపోదునా!"

"నువ్వే ఇంజనీరువు కావాల్సుండె."

"నవ్వకు. ఒక్కనాడు ఆగు, నీ కాళ్లు మొక్కుత."

"దిద్దకుంటే నౌకరి తీసేస్తరే అవ్వా. దిగంగనే ఫోన్ చేస్త."

సిద్దిపేట దాటినంక ఆ జీపును లారీ గుద్దింది. స్వరూప తిరిగి రాలేదు. అది 2011 సెప్టెంబర్ 20, మంగళవారం.