వైపర్లు యాడప్పా?

అనంతపురం శివార్లలో బండ్లకు ఫిట్‌నెస్ పరీక్ష చేసే మైదానం. పాత డీజిల్ జీపు చుట్టూ ఇన్‌స్పెక్టరు తిరుగుతున్నాడు. వెనకాలే దాని యజమాని, శెనక్కాయ రైతు.

"బ్రేకు బాగుండాది, పొగ తక్కువే. వైపర్లు యాడప్పా?"

"ఎండకు పెళుసుబారి రాలిపోయినాయి సార్. వాన లేని ఊర్లో వాటితో ఏం పని?"

"వైపర్లు లేకుంటే పాస్ చెయ్యను. వాన పడితే దారి ఎట్ల కనపడతాది?"

"పడితే జీపు ఆడనే ఆపి, దిగి దండం పెడతా సార్."

"ఎగతాళా? పోయినేడు మీ మండలంలో వాన బాగా పడిందని సర్కారే చెప్పింది."

"అవును సార్, అందుకే పంట బీమా ఇయ్యలేదు. చేను మాత్రం నిలువునా ఎండిపాయ."

"మరి అంత వానలో వైపర్లు లేకుండా ఎట్ల నడిపినావు?"

"ఆ వాన మీ ఆఫీసుల్లోనే కురిసింది సార్. వైపర్లు ఆడ బిగించండి."